పక్క ఫ్లాట్ కిరాయిదారుతో లొల్లి: బ్రోకర్ చేతిలో ఏముంది, ఓనర్ చేతిలో ఏముంది

హన్మకొండలో ఫ్లాట్ కొని కిరాయికి ఇచ్చినవాళ్లలో చాలామంది ఊళ్లో ఉండరు. ఒకాయన హైదరాబాద్‌లో ఉద్యోగం, ఇంకొకాయన డల్లాస్‌లో. తాళంచెవి బ్రోకర్ దగ్గరో, వాచ్‌మన్ దగ్గరో ఉంటుంది. లోపల దిగినవాళ్లు అర్ధరాత్రి దాకా స్పీకర్లు మోగించినా, మెట్ల మీద సీసాలు పడేసినా, పార్కింగ్‌లో మీ బండికి అడ్డంగా తమ బండి పెట్టినా, పక్కవాళ్లు మొదట ఫోన్ చేసేది బ్రోకర్‌కే. ఆయన "సరే సార్, నేను చెప్త" అంటాడు. రెండోసారి "చెప్పిన కద సార్" అంటాడు. మూడోసారి ఫోన్ ఎత్తడు.

ఆయన్ను తిట్టుకుని లాభం లేదు. ఇల్లు చూపించినందుకు బ్రోకర్‌కు ముట్టేది సాధారణంగా ఒక నెల కిరాయి, లేదా అందులో సగం. అది చేతిలో పడ్డ రోజే ఆయన పని అయిపోయింది. కిరాయిదారును ఖాళీ చేయించే అధికారం ఆయనకు లేదు. చేయించాలన్న ఆసక్తి అసలే ఉండదు. ఆ మనుషుల్ని తెచ్చిపెట్టింది తనే కాబట్టి, చెడ్డమాట ఓనర్ చెవిన పడకపోతేనే ఆయనకు మంచిది. ఇలాంటి గొడవలు నెలల తరబడి సాగడానికి తరచుగా కనిపించే కారణం ఇదే. కబురు ఓనర్ దాకా పోదు. పోయినా "పక్కవాళ్లు ఊరికే సతాయిస్తున్నరు సార్" అన్న రూపంలో పోతుంది.

బ్రోకర్ మీద రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ రెరాకు ఫిర్యాదు చేద్దామనే ఆలోచన కూడా పనికిరాదు. 2016 రెరా చట్టం ఏజెంట్ అని చెప్పేది అమ్మకం లావాదేవీల్లో మధ్యవర్తిగా ఉండేవాడిని. కిరాయిలు కుదిర్చేవాడు ఆ నిర్వచనంలోకి రాడు.

ఏజెంట్ ఏ రకమో ముందు తేల్చుకోవాలి

బ్రోకర్ అని మనం ఒకే మాటతో పిలిచే మనుషుల్లో మూడు రకాలున్నారు. ఇల్లు చూపించి కమీషన్ తీసుకుని పోయేవాడు ఒకడు. నెలనెలా కిరాయి వసూలు చేసి ఓనర్‌కు పంపుతూ, నల్లా పోతే ప్లంబర్‌ను తెచ్చేవాడు ఇంకొకడు. ఓనర్ తరఫున సంతకం పెట్టే అధికారం ఉన్న జీపీఏ హోల్డర్ మూడోవాడు. ఇతను చాలాసార్లు ఓనర్ బామ్మర్దో, తమ్ముడో అయి ఉంటాడు.

మీకు అక్కరకొచ్చేది రెండో రకం, మూడో రకం. 1872 నాటి భారతీయ కాంట్రాక్టు చట్టం 229వ సెక్షన్ ప్రకారం, ఏజెంట్ తన యజమాని పని చేస్తుండగా ఆ పనికి సంబంధించి అతనికి ఇచ్చిన నోటీసు యజమానికి ఇచ్చినట్టే లెక్క. కాబట్టి ప్రతి నెలా కిరాయి వసూలు చేసే మనిషికి మీరు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇస్తే, "నాకు తెలియదు, నేను అమెరికాలో ఉన్న" అనే మాట ఓనర్‌కు నిలబడదు. ఒక్కసారి కమీషన్ తీసుకుని పోయిన బ్రోకర్‌కు ఇచ్చిన కాగితానికి ఈ బలం ఉందని వాదించడం కష్టం.

ఎవరు ఏ రకమో తెలుసుకోవడానికి కిరాయిదారునే మామూలుగా అడగొచ్చు. "కిరాయి ఎవరికి కొడుతున్నరు, ఓనర్ ఖాతాకా, ఆయన ఖాతాకా?" గొడవ ముదరక ముందు అడిగితే చెప్తారు. ముదిరాక చెప్పరు. అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ ఎవరి నంబరు నుంచి ఫోన్‌పేలో వస్తోందో అసోసియేషన్ కోశాధికారికి తెలుసు. ఓనర్ నంబరు కూడా చాలాసార్లు ఆయన దగ్గరే దొరుకుతుంది.

ఓనర్ పేరు ఎక్కడ దొరుకుతుంది

అసోసియేషన్ లేని చోట, ఉన్నా పాత నంబర్లతో నడిచే చోట, రికార్డులు వెతకాలి. కింద మీటర్ల ప్యానెల్ దగ్గర కరెంటు సంస్థ ఎన్‌పీడీసీఎల్ బిల్లు గుచ్చి ఉంటుంది, దాని మీద పేరు చూడండి. మున్సిపల్ శాఖ వెబ్‌సైట్‌లో ఇంటి నంబరుతో ఆస్తి పన్ను వివరాలు వెతికితే, పన్ను ఎవరి పేరు మీద ఉందో కనిపిస్తుంది. ఈ రెండింట్లోనూ చిక్కు ఒకటే. ఫ్లాట్ చేతులు మారినా పేరు మార్పించుకోనివాళ్లు చాలామంది, ఇప్పటికీ బిల్డర్ పేరే వచ్చే ఫ్లాట్లకు కొదవ లేదు.

ఖాయంగా తెలియాలంటే ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ తీయాలి. పక్క ఫ్లాట్ డాక్యుమెంట్ నంబరు మీకు తెలియకపోయినా ఫరవాలేదు. మీది కూడా అదే బిల్డింగ్ కదా, మీ సేల్ డీడ్‌లో ఉన్న సర్వే నంబరుతో, అదే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు పరిధిలో, బిల్డింగ్ కట్టిన సంవత్సరం నుంచి ఈసీ అడగండి. ఆ స్థలం మీద జరిగిన అమ్మకాలు వరసగా వస్తాయి. అందులో ఆ ఫ్లాట్ నంబరుకు చివరి కొనుగోలుదారు ఎవరో చూసుకోవాలి. ఆ ఎంట్రీలోని డాక్యుమెంట్ నంబరుతో సర్టిఫైడ్ కాపీ తీసుకుంటే ఓనర్ చిరునామా కూడా బయటపడుతుంది.

ఏది ఎవరి పని

పక్కింటి బాధలన్నీ ఒకే మూటలో కట్టి ఒకే చోట ఫిర్యాదు చేస్తే ఎవరూ తమ పని అనుకోరు. పోలీస్ స్టేషన్‌కు పోయి "రాత్రి పాటలు, చెత్త బయట పెడుతున్నరు, పైనుంచి నీళ్లు కారుతున్నయి, బండి అడ్డం పెడుతున్నరు" అని ఒకే అర్జీలో రాస్తే, అక్కడ కూర్చున్నాయన చదివేది చెత్త, నీళ్లు మాత్రమే. "ఇది సివిల్ మ్యాటర్ అండి, ఓనర్‌తో మాట్లాడుకోండి" అని పంపేస్తాడు.

పైఫ్లాట్ బాత్రూం నుంచి మీ సీలింగ్‌లోకి చెమ్మ దిగడం కిరాయిదారు తప్పు కాదు. నహానీ ట్రాప్ (బాత్రూం నేలలో నీళ్లు పోయే జాలీ) చుట్టూ, కమోడ్ పైపు చుట్టూ గ్రౌటింగ్ పోతే బాగుచేయించాల్సింది ఓనరే. కిరాయిదారుతో దానికి కొట్లాడితే నీళ్లూ ఆగవు, మనిషితోనూ చెడుతుంది. మెట్ల మీద చెత్త, డ్రైనేజీలో అన్నం పారబోయడం అసోసియేషన్‌దీ, కార్పొరేషన్ శానిటరీ ఇన్‌స్పెక్టర్‌దీ. పార్కింగ్ తగాదాకు సేల్ డీడ్‌లో మీ స్లాట్ నంబరు రాసి ఉందా లేదా అన్నదే ఆయువుపట్టు.

ఫ్లాట్‌ను కిరాయికి తీసుకుని అందులో కర్రీ పాయింట్‌కు వంట చేయడం, కేటరింగ్ నడపడం వేరే కథ. దానికి పోలీసులకన్నా బలమైన దారులు ఉన్నాయి. ఇంటి అవసరానికి ఇచ్చే 14.2 కిలోల సిలిండర్ వ్యాపారానికి వాడకూడదు, దానికి 19 కిలోలది ఉంది. పౌరసరఫరాల శాఖకు చెప్తే తనిఖీకి వస్తారు. డొమెస్టిక్ కేటగిరీ కరెంటు కనెక్షన్ మీద వ్యాపారం నడిస్తే ఎన్‌పీడీసీఎల్ కేటగిరీ మార్చి బిల్లు వేస్తుంది. ట్రేడ్ లైసెన్స్ లేదంటే కార్పొరేషన్ ఉంది. ఆ సిలిండర్లు ఐదారు ఒకే బాల్కనీలో పేర్చి కనిపిస్తే అది అగ్నిప్రమాదం సంగతి, ఆలస్యం చేయొద్దు. పొగ, వాసన చుట్టుపక్కల అందరినీ బాధిస్తుంటే, సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద ఆ పని ఆపమనే షరతు ఉత్తర్వు కోసం ఆర్డీవోకు అర్జీ పెట్టుకోవచ్చు. పాత రోజుల్లో వకీళ్లు "నూటముప్పైమూడు" అనేది ఇదే.

ఇక ఫిర్యాదుకు రాని సంగతులు కూడా ఉన్నాయి. పసిపిల్ల ఏడుపు, పగటిపూట మిక్సీ, మాంసం వండిన వాసన, పెళ్లికాని కుర్రాళ్లు ఉండడం, ఆడపిల్లలు రాత్రి డ్యూటీ చేసి ఆలస్యంగా రావడం: ఇవేవీ న్యూసెన్స్ కావు. అర్జీలో ఇలాంటిది ఒక్కటి కలిపినా మిగతా నిజమైన ఫిర్యాదు మొత్తం "పడని మనుషుల గొడవ"గా తేలిపోతుంది.

పైనుంచి కుర్చీ జరిపిన గరగర, కాళ్ల చప్పుడు కూడా చాలావరకు కట్టడం లోపమే. స్లాబ్ మీద నేరుగా టైల్స్ వేస్తే ప్రతి తాకిడీ కిందికి దిగుతుంది. కుర్చీ, టేబుల్ కాళ్లకు రబ్బరు బుడిపెలు మీరే కొనిచ్చి చూడండి. నోటీసులకన్నా చవక, పైగా మాటలు కలుస్తాయి. అదే స్పీకర్ సంగతైతే, నేల మీద గోడకు ఆనించి పెట్టిన సబ్‌వూఫర్‌తోనే పెద్ద తంటా. దాన్ని గోడకు దూరంగా జరిపి, కింద మందపాటి రబ్బరు మ్యాట్ వేయిస్తే గోడలోకి, స్లాబ్‌లోకి పాకే అదురు కొంత తగ్గుతుంది. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ మాటల చప్పుడును చాలావరకు ఆపుతుంది కానీ బేస్‌ను ఆపలేదు.

రాసిపెట్టుకోవడం

"రోజూ గోల చేస్తున్నరు, నిద్ర లేదు" అన్న వాక్యం పోలీసులకూ పనికిరాదు, కోర్టుకూ పనికిరాదు, ఓనర్‌ను కూడా కదిలించదు. ఒక నోటు పుస్తకంలో ఇలా రాసుకుంటే అది వేరు:

"శనివారం. రాత్రి 10:40 నుంచి 1:15 దాకా. 302 హాల్‌లో స్పీకర్. మా వెనక బెడ్‌రూం తలుపు మూసినా బేస్ వినిపించింది. 11:20కి తలుపు తట్టి చెప్పినం. పది నిమిషాలు తగ్గించి మళ్లీ పెంచిండ్రు. 12:05కి 100కి ఫోన్. 12:30కి పెట్రోలింగ్ బండి వచ్చింది. 202 వాళ్లు కూడా లేచి బయటికి వచ్చిండ్రు."

తేదీ, మొదలు, ముగింపు, ఏ గదిలో వినిపించింది, ఎవరు చెప్పారు, తర్వాత ఏమైంది. అదే రాత్రి రాయాలి. నాలుగు రోజుల తర్వాత గుర్తు తెచ్చుకుని ఒకే పెన్నుతో వరసగా రాసిన పుస్తకం చూడగానే తెలిసిపోతుంది. రెండు మూడు ఇళ్లవాళ్లు ఎవరి పుస్తకం వాళ్లు రాస్తే, ఆ పుస్తకాల్లో ఒకే రాత్రి కనిపించినప్పుడు దానికి వచ్చే బరువు వేరు.

వీడియో తీసేటప్పుడు మీ గదిలో గడియారమో ఫోన్ టైమో కనపడేలా మొదలుపెట్టి, కదలకుండా ఒకటి రెండు నిమిషాలు తీయండి. అసలు ఫైలును ఆ ఫోన్‌లోనే ఉంచాలి. వాట్సాప్‌లో పంపితే ఫైలు కుదించుకుపోయి అసలు వివరాలు పోతాయి. కేసు కోర్టుకు పోతే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఆ ఫైలుకు సర్టిఫికెట్ ఇవ్వాలి. అందులో హాష్ విలువ (ఫైలు మారలేదని చూపే గుర్తు) కూడా రాయాలి, అది అసలు ఫైలుతోనే కుదురుతుంది.

ఫోన్‌లో డెసిబెల్ యాప్ చూపించే అంకెను మరీ నమ్మొద్దు. ఫోన్ మైకుకు కాలిబ్రేషన్ ఉండదు, ఒక్కో ఫోన్‌లో ఒక్కోలా చూపిస్తుంది. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. చట్టంలోని కొలత ఏ-వెయిటెడ్ డెసిబెల్. అది మనిషి చెవికి తగ్గట్టు తక్కువ ఫ్రీక్వెన్సీ ధ్వనిని తగ్గించి లెక్కేస్తుంది. 63 హెర్ట్జ్ దగ్గర ఆ తగ్గింపు దాదాపు 26 డెసిబెల్. మంచం అదిరేంత బేస్ ఉన్నా మీటరు మామూలుగా చూపించడం అందుకే. బేస్ బాధకు మీటరు అంకెకన్నా "కిటికీ అద్దం అదురుతోంది, పక్క గదిలోనూ వినిపిస్తోంది" అన్న వర్ణన, సాక్షులు ఎక్కువ పనికొస్తారు.

వాళ్ల గుమ్మం వైపు మీ సొంత కెమెరా తిప్పకండి. ఆడవాళ్లున్న ఇల్లయితే అది మీ మీదే కేసు అయ్యే ప్రమాదం ఉంది. కారిడార్‌లో, మెట్ల దగ్గర కెమెరా కావాలంటే అసోసియేషన్ తీర్మానం చేసి పెట్టాలి. తీసిన వీడియోలు అపార్ట్‌మెంట్ గ్రూపులో "తాగుబోతులు" అని రాసి పెడితే పరువునష్టం నోటీసు మీకే వస్తుంది. గొడవలో కులం పేరుతో నోరు జారితే అట్రాసిటీ చట్టం కింద కేసు అవుతుంది, ఇక మీ అసలు బాధను ఎవరూ పట్టించుకోరు.

రాత్రి పోలీసులు, పగలు ఏసీపీ

గొడవ జరుగుతుండగానే 100కి గానీ 112కి గానీ ఫోన్ చేయాలి. తెల్లారి స్టేషన్‌కు పోయి చెప్తే అప్పటికి అక్కడ చూడడానికి ఏమీ ఉండదు. ఫోన్‌లో బిల్డింగ్ పేరు, దగ్గర్లోని గుర్తు, అంతస్తు, ఫ్లాట్ నంబరు, ఇప్పుడేం జరుగుతోంది, కొట్లాట ఉందా లేదా, ఇంతే చెప్పండి. మూడు నెలల చరిత్ర అక్కర్లేదు. బండి వచ్చి, చెప్పి, పోతుంది. అరగంటకు మళ్లీ మొదలైతే మళ్లీ చేయండి. ప్రతి ఫోనుకూ వచ్చే మెసేజ్ తుడిచేయొద్దు, మీ పుస్తకంలోని తేదీకి అదే రుజువు.

తర్వాత రాతపూర్వక అర్జీ. ఇక్కడ చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్ హద్దు. రాత్రి అంటే 10 నుంచి ఉదయం 6 దాకా. సొంత మ్యూజిక్ సిస్టమ్ చప్పుడు ఆ ఇంటి సరిహద్దు దగ్గర ఈ హద్దుకన్నా 5 డెసిబెల్ మించకూడదు. పగలు ఫిర్యాదు చేయాలంటే హద్దు కన్నా 10 డెసిబెల్ ఎక్కువ ఉండాలి. రాత్రి ఆంక్షలను మీరితే మాత్రం ఆ కొలత అవసరం లేకుండానే ఫిర్యాదు చేయొచ్చు. డాబా మీద రాత్రి 10 తర్వాత స్పీకర్ పెట్టి దావత్ చేసుకోవడం ఈ లెక్కన నేరుగా నిబంధన మీరడమే. పండుగలకు రాష్ట్ర ప్రభుత్వం 12 గంటల దాకా సడలింపు ఇవ్వగలదు, అదీ ఏడాదికి 15 రోజులు మించకుండా. వినాయక నవరాత్రుల్లో మీ అర్జీ పక్కకు పోవడానికి ఇది ఒక కారణం.

ఈ నియమాల కింద చర్య తీసుకునే అధికారి అంటే జిల్లా మేజిస్ట్రేట్, పోలీస్ కమిషనర్, లేదా డీఎస్పీ హోదాకు తగ్గని అధికారి. ఎస్సై కాదు. కాబట్టి వరంగల్ కమిషనరేట్ పరిధిలో ఈ నియమాలు ప్రస్తావిస్తూ రాసే అర్జీ మీ డివిజన్ ఏసీపీకి రాయాలి, కాపీ స్టేషన్‌కు ఇవ్వాలి. ములుగు, మహబూబాబాద్ లాంటి చోట్ల డీఎస్పీకి. ఇలా రాస్తే ఆ చప్పుడును ఆపమనే రాతపూర్వక ఉత్తర్వు ఇచ్చే అధికారం ఉన్న టేబుల్ మీదికి కాగితం చేరుతుంది. అర్జీ ఇచ్చాక రశీదు అడగండి. ఇవ్వనంటే అదే కాగితం స్పీడ్ పోస్టులో పంపి, ట్రాకింగ్ ప్రింటు దాచుకోండి.

ఒక్కరే సంతకం చేసిన అర్జీకి, ఐదు ఇళ్లవాళ్లు సంతకం చేసిన అర్జీకి తేడా బలంలోనే కాదు, చట్టంలో కూడా ఉంది. చుట్టుపక్కల ఉండే జనానికి బాధ కలిగితేనే అది పబ్లిక్ న్యూసెన్స్. మీ ఒక్క ఇంటికే అయితే అది ప్రైవేటు న్యూసెన్స్, సివిల్ కోర్టు వ్యవహారం. భారతీయ న్యాయ సంహిత 292 కింద పబ్లిక్ న్యూసెన్స్‌కు జరిమానా 1,000 రూపాయల వరకే. అంకె చూసి నవ్వొస్తుంది. కానీ నలుగురు స్టూడెంట్లకు పెట్టీ కేసు అన్న మాట చాలు. తాగి మెట్ల మీద, గల్లీలో అల్లరి చేస్తే 355వ సెక్షన్ ఉంది. ఆడవాళ్లను ఉద్దేశించి మాటలు, సైగలు ఉంటే 79వ సెక్షన్, అది పోలీసులు నేరుగా కేసు కట్టాల్సిన నేరం. అలాంటిది జరిగితే దాన్ని పాటల గొడవతో కలపకుండా వేరే ఫిర్యాదుగా ఇవ్వాలి.

పదేపదే జరిగితే అడగాల్సింది బైండోవర్. సురక్షా సంహిత 126 కింద, శాంతికి భంగం కలిగిస్తారని అనుమానం ఉన్నవాళ్లను ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ ముందు హాజరుపరిచి, ఏడాది దాకా మంచిగా ఉంటామని బాండు రాయిస్తారు. మీరితే బాండు డబ్బు పోతుంది. దీనికి పోలీసుల రిపోర్టు కావాలి, ఆ రిపోర్టుకు మీ 100 ఫోన్లు, మీ పుస్తకం కావాలి. ఒక హెచ్చరిక: కొన్నిసార్లు "రెండు పార్టీలనూ" బైండోవర్ చేసేస్తారు. మీరు వాళ్ల తలుపు తన్నిన వీడియో వాళ్ల దగ్గర ఉంటే అదే జరుగుతుంది.

ఓనర్‌కు ఏం రాయాలి

ఓనర్‌కు రాసే కాగితంలో కోపం అక్కర్లేదు. ఫ్లాట్ నంబరు, తేదీలతో మూడు నాలుగు సంఘటనలు, పోలీసులు వచ్చిన తేదీలు, కాపీగా పుస్తకంలోని పేజీలు. తర్వాత మూడు స్పష్టమైన కోరికలు: కిరాయిదారుకు 7 రోజుల్లో రాతపూర్వక హెచ్చరిక ఇవ్వాలి, అగ్రిమెంటు ఏ తేదీకి ముగుస్తుందో చెప్పాలి, పొడిగించొద్దు. ఓనర్‌కు స్పీడ్ పోస్టులో, కిరాయి వసూలు చేసే ఏజెంట్‌కు చేతికి ఇచ్చి సంతకం తీసుకుని, అసోసియేషన్‌కు ఒక కాపీ. విదేశంలో ఉంటే ఈమెయిల్, వాట్సాప్ రెండూ పంపండి.

అగ్రిమెంటు తేదీ అడగడంలో కిటుకు ఉంది. మన దగ్గర కిరాయి అగ్రిమెంట్లు 11 నెలలకే రాస్తారు. ఏడాది మించితేనే రిజిస్ట్రేషన్ అన్న లెక్కతో పడ్డ అలవాటు అది. అంటే ఎంత మొండి కిరాయిదారుకైనా ఏడాదిలోపు ఒక గడువు వస్తుంది. ఓనర్ ఆ రోజున "ఇంకో 11 నెలలు" అని సంతకం పెట్టకుండా ఆపగలిగితే మీ పని సగం అయినట్టే. ఏజెంట్లు మాత్రం చప్పుడు చేయకుండా పొడిగించేస్తారు, వాళ్లకు అందులోనూ కొంత ముడుతుంది.

గడువు అయిపోయినా ఓనర్ కిరాయి తీసుకుంటూ ఉంటే అది నెలనెలా సాగే కిరాయి అవుతుంది. అప్పుడు ఆస్తి బదలాయింపు చట్టం 106 కింద 15 రోజుల నోటీసుతో దాన్ని ముగించొచ్చు. ఆ నోటీసు రాతలో, ఓనర్ లేదా ఆయన తరఫు మనిషి సంతకంతో ఉండాలి. పోస్టులో పంపొచ్చు, ఇంట్లోవాళ్ల చేతికి ఇవ్వొచ్చు, అవేవీ కుదరకపోతే తలుపుకు అంటించొచ్చు. డల్లాస్ ఓనర్ తరఫున ఇక్కడివాడు సంతకం పెట్టాలంటే సరైన జీపీఏ ఉండాలి. విదేశంలో రాసిన జీపీఏకు ఇక్కడికి చేరిన మూడు నెలల్లో స్టాంపు వేయించాలి. ఈ ఒక్కటి మరిచి, నోటీసు చెల్లదని కోర్టులో ఇరుక్కునే ఓనర్లు ఉంటారు.

నోటీసు గడువు దాటినా కదలకపోతే ఓనర్ సివిల్ కోర్టులో ఖాళీ చేయించమని దావా వేయాలి. కిరాయి నియంత్రణ చట్టంలో "పక్కవాళ్లకు న్యూసెన్స్" అన్నది ఖాళీ చేయించడానికి ఒక కారణంగా స్పష్టంగా ఉంది, పదో సెక్షన్‌లో. అయితే 2005 సవరణ తర్వాత కార్పొరేషన్ పరిధిలో నెలకు 3,500 రూపాయలు, మిగతా చోట్ల 2,000 దాటిన కిరాయి ఇళ్లకు ఆ చట్టం వర్తించదు. ఇవాళ హన్మకొండలో డబుల్ బెడ్‌రూం ఫ్లాట్ ఏదీ ఆ లోపల ఉండదు. ఆ సెక్షన్ పట్టుకుని రెంట్ కంట్రోలర్ దగ్గరికి పోతే తిప్పి పంపుతారు. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా కిరాయి చట్టం కూడా రాష్ట్రం తనంతట చట్టం చేస్తే తప్ప ఇక్కడ పనిచేయదు.

ఇవేవీ అక్కర్లేకుండా ఓనర్ అడ్వాన్స్ తిరిగిచ్చి, షిఫ్టింగ్ ఖర్చు తానే పెట్టుకుని పంపించేయడం కూడా మామూలే. కోర్టుకన్నా అది ఆయనకు చవక. మీ కాగితంలో ఆ మాట మీరే సూచించండి.

ఓనర్‌గానీ అసోసియేషన్‌గానీ చేయకూడనిది ఒకటుంది: కరెంటు పీకడం, నల్లా బంద్ చేయడం, తాళం మార్చడం. కిరాయిదారు ఎంత దుర్మార్గుడైనా, చట్టప్రకారం కాకుండా బయటికి నెడితే ఆరు నెలల్లోపు దావా వేసి స్వాధీనం తిరిగి తీసుకోవచ్చు. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం ఆరో సెక్షన్ అది. బాధపెట్టినవాడే బాధితుడై కూర్చుంటాడు. అసోసియేషన్‌కు ఖాళీ చేయించే అధికారం లేదు, బ్యాచిలర్లను రానివ్వం అనే తీర్మానాలకు కోర్టులో విలువ దొరకడం కష్టం. బైలాస్‌లో డాబా వాడే వేళలు, పార్కింగ్, చెత్త నియమాలు రాసి, మీరితే జరిమానా ఓనర్ ఖాతాలో వేయడం మాత్రం చేయగలదు. నెలకు 500 చొప్పున మెయింటెనెన్స్ బిల్లులో కనపడ్డప్పుడు దూరాన ఉన్న ఓనర్ కూడా ఫోన్ చేస్తాడు.

ఓనర్ కూడా పలకకపోతే

సివిల్ కోర్టుకు ముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ప్రీ లిటిగేషన్ పిటిషన్ వేయండి. కోర్టు ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు. కోర్టు ప్రాంగణంలోనే ఆ ఆఫీసు ఉంటుంది, వివరాలకు 15100. మీ అర్జీలో ఓనర్, కిరాయిదారు, కిరాయి వసూలు చేసే ఏజెంట్, ముగ్గురినీ ఎదుటి పక్షాలుగా పెట్టండి. నోటీసు అక్కడి నుంచి వెళ్తే బ్రోకర్ ఫోన్ ఎత్తడం మొదలుపెడతాడు. రాజీ కుదిరి లోక్ అదాలత్ అవార్డు అయితే అది కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు ఉండదు. "రాత్రి 10 తర్వాత స్పీకర్ పెట్టం" అని కాకుండా, "ఫలానా తేదీలోపు ఖాళీ చేస్తాం, లేదంటే అడ్వాన్స్ నుంచి ఇంత" అని అంకెలతో రాయించుకోండి, అమలు అడగడానికి వీలుగా ఉంటుంది. దీని బలహీనత, ఎదుటివాళ్లు రాకపోతే బలవంతం లేదు, ఫైలు మూసేస్తారు.

చివరిది ఇంజంక్షన్ దావా. ప్రైవేటు న్యూసెన్స్ ఆపమని శాశ్వత ఇంజంక్షన్, అది తేలేదాకా మధ్యంతర ఇంజంక్షన్ కోసం సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) ఆర్డర్ 39 కింద అర్జీ. మధ్యంతర ఉత్తర్వుకు జడ్జి చూసేవి మూడే: మీ కేసులో పస ఉందా, ఇవ్వకపోతే డబ్బుతో పూడ్చలేని నష్టమా, ఎవరికి ఇబ్బంది ఎక్కువ. ఇంట్లో గుండెజబ్బు మనిషి, పరీక్షలు రాసే పిల్ల ఉంటే డాక్టరు చీటీ, హాల్‌టికెట్ జత చేయాలి. ఓనర్‌ను కూడా ప్రతివాదిగా చేర్చాలి. లేకపోతే ఈ కిరాయిదారు ఖాళీ చేసి పోతాడు, దావా అక్కడితో ఆగిపోతుంది, అదే బ్రోకర్ ఇంకో నలుగురిని తెచ్చి దింపుతాడు.